ముందు ధర్మకాంటా ఎక్కించు, తర్వాత అడవి దారి పట్టు

తమ్ముడూ, చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి నువ్వడిగింది ముందు ఒకసారి చెప్తా. నీ బండి ఇసుజు వీ-క్రాస్ పికప్, ఫోర్ బై ఫోర్. రెండంగుళాలు లిఫ్ట్ చేయించావు. పెద్ద మడ్ టైర్లు, ముందు ఇనుప బంపర్, దానికి వించ్ (దిగబడ్డ బండిని తాడు చుట్టి లాగే మోటారు), వెనక డాలా మీద క్యానపీ (గట్టి మూత గూడు), క్యానపీ మీద రూఫ్ టెంట్. ముగ్గురు మనుషులు, రెండు ప్లాస్టిక్ కయాక్‌లు (తెడ్డుతో నడిపే చిన్న పడవలు), మూడు రాత్రులు. హనుమకొండలో బయల్దేరి లక్నవరం, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం దగ్గర గోదావరి దాకా పోదామనుకుంటున్నావు. దానికి బండికి ఇంకా ఏమేం ఫిట్ చేయించాలో చెప్పమన్నావు.

ఏమీ చేయించకు. ఉన్నవాటిలోనే ఒకటి రెండు దించు.

ఇది వెటకారం కాదు. ఇరవై ఏళ్ల నుంచి ఈ దారుల్లో తిరుగుతున్నా, మొదట పాత జిప్సీతో, తర్వాత పికప్‌తో. జిప్సీలో పవర్ స్టీరింగ్ కూడా లేదు, సీట్లు బల్లల్లా ఉండేవి. కానీ అది తేలిక బండి. ఇసుకలో దిగబడితే నలుగురం కలిసి ఒక పక్క లేపి చక్రం కింద రాళ్లు పెట్టి బయటపడేవాళ్లం. పికప్ కొన్నాక మొదటి రెండేళ్లు నేనూ నీలాగే ప్రతి నెలా ఏదో ఒకటి తగిలించా. ఒకరోజు పస్రా దాటాక పెద్ద గుంతలో పడింది. వెనక నుంచి తుపాకీ పేలినట్టు చప్పుడు. దిగి చూస్తే ఎడమ పక్క కమాన్ పట్టీల్లో మెయిన్ పట్టీ రెండు ముక్కలు. రోడ్డు పక్కన ట్రాక్టర్లు బాగుచేసే ఒకాయన వచ్చి ఇరుసుకీ చాసిస్‌కీ మధ్య టేకు దుంగ ముక్క దూర్చి గొలుసుతో బిగించాడు. అట్లనే ఇరవై స్పీడులో ములుగు దాకా వచ్చాం. డబ్బులిస్తుంటే ఆయన అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "సారూ, గిది బండా, ఇల్లా?"

కాబట్టి నీ మొదటి పని సామానంతా ఎక్కించి, ట్యాంకు నింపి, ముగ్గురూ కూర్చుని ధర్మకాంటాకు పోవడం. ఎనుమాముల మార్కెట్ దిక్కు పోతే కాంటాలకు కొదవ లేదు. మొదట బండి మొత్తం తూకం వేయించు. తర్వాత ముందు చక్రాలు మాత్రమే ప్లేటు మీద ఉంచి ఇంకోసారి వేయించు. మొత్తంలోంచి అది తీసేస్తే వెనక ఇరుసు మీద ఎంతుందో తెలుస్తుంది. ఆ రెండు అంకెల్నీ మాన్యువల్‌లో, బండి మీది ప్లేటులో కంపెనీ రాసిన గరిష్ఠ బరువులతో పోల్చు. ఖాళీ బరువు ఎంతో ఆర్‌సీలో కూడా ఉంటుంది. నువ్వు చెప్పిన సామాను నేను ఉజ్జాయింపుగా లెక్కేశా. రూఫ్ టెంట్ 60 కిలోలు, ఇనుప బంపర్, వించ్ కలిపి 75, క్యానపీ 80, రెండు కయాక్‌లు 50, ముగ్గురు మనుషులు 225, నీళ్లు 60, డీజిల్ క్యాను 17, ఐస్ బాక్సు, తిండి 30, పనిముట్లు, తాళ్లు 40, పడక సామాను 40. మొత్తం 677 కిలోలు. డబుల్ క్యాబ్ బండి ఇంత మోస్తుందో లేదో నేను చెప్పేది కాదు, కాంటా చీటీయే చెప్తుంది.

చీటీలో ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. డాలాలో వెనక ఇరుసుకు అవతల పెట్టిన బరువు ముందు ఇరుసును పైకి లేపుతుంది, తూగుడుబల్ల లాగ. ముందు తేలికైతే ఘాట్ మలుపులో, తడి రోడ్డు మీద స్టీరింగ్ తేలిపోయినట్టు ఉంటుంది. నీకు వించ్ వల్ల ముందు కూడా బరువుంది కాబట్టి చూడ్డానికి బ్యాలెన్సు కుదిరినట్టే అనిపిస్తుంది. కానీ రెండు చివర్లా బరువున్న బండి గుంత దిగి ఎక్కేటప్పుడు ఊగుడు ఆపుకోలేదు. నీళ్ల క్యాన్లు, పనిముట్ల పెట్టె లాంటి బరువైనవి క్యాబిన్ గోడకు ఆనించి కిందనే పెట్టు. పడకలు, బట్టలు వెనక్కి, పైకి.

ఇక దించాల్సినవి. మొదటిది రూఫ్ టెంట్. కొన్నావు, ముచ్చటగా ఉంది, బాధే. కానీ ఈ ట్రిప్పుకు అది అడ్డం. కయాక్‌లు పోవాల్సిన చోట టెంట్ కూర్చుంది. రెండూ ఒకదాని మీద ఒకటి పెడితే బండి బరువు కేంద్రం ఎక్కడికి పోతుందో ఊహించుకో, అసలే రెండంగుళాలు లేపావు. పైగా టెంట్ బండికే ఉంటే బండి కదలదు. పొద్దున్నే ఎవరో ఒకరు కయాక్‌లు దింపడానికి రేవు దాకా పోవాలన్నా ఇల్లంతా మడిచి పెట్టాలి. నేల టెంట్ పది కిలోలు కూడా ఉండదు. రెండోది డీజిల్ క్యాను. హనుమకొండ నుంచి ఏటూరునాగారం వంద కిలోమీటర్ల పైచిలుకు, అంతే. ట్యాంకు నింపితే పోయొచ్చినా మిగులుతుంది, ములుగులో, ఏటూరునాగారంలో బంకులున్నాయి. నీళ్లు కూడా అరవై లీటర్లు మోయనక్కర్లేదు. ఇప్పుడు ప్రతి ఊళ్లో వాటర్ ప్లాంట్ ఉంది, ఇరవై లీటర్ల క్యాను ఒకటి పెట్టుకుని ఎక్కడికక్కడ నింపుకో. ఈ మూడింటితోనే దగ్గర దగ్గర నూటపది కిలోలు తగ్గాయి.

వించ్ సంగతి నీ ఇష్టం, ఉన్నది పీకమనను. కానీ ఇరవై ఏళ్లలో నేను వించ్ వాడింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇక్కడ బండ్లు దిగబడేది వాగు ఇసుకలో, నల్లరేగడిలో, దమ్ము చేసిన పొలం పక్క బాటల్లో. ఇసుకలో వించ్ కట్టడానికి చెట్టే దొరకదు. పార, చక్రం కింద వేసే రెండు రికవరీ బోర్డులు, టైర్ గాలి తీసి మళ్లీ కొట్టుకునే చిన్న కంప్రెసర్, మంచి గేజ్. నూటికి తొంభైసార్లు వీటితోనే బయటపడతావు. మిగతా పది సార్లకు ట్రాక్టర్ ఉంది. ట్రాక్టర్‌తో లాగించేటప్పుడు తాడు చాసిస్‌కున్న కొక్కేనికే కట్టు. బంపర్‌కి కాదు, ట్రెయిలర్ తగిలించే బాల్‌కి అసలే కాదు. ఆ బాల్ తెగితే ఫిరంగి గుండులా వస్తుంది. తాడు మీద తడి గోనెసంచో దుప్పటో వెయ్యి, తెగినా కింద పడుతుంది. జనాన్ని తాడుకు రెండింతల దూరం నిలబెట్టు. ఊళ్లో బండి దిగబడితే యాభై మంది పోగవుతారు, వాళ్లను జరపడమే అన్నిటికన్నా పెద్ద పని. ట్రాక్టర్ అన్నకు అడిగినంత ఇవ్వు, బేరమాడకు. రేపు మళ్లీ ఆ దారినే కదా రావాలి.

టైర్ల గురించి రెండు ముక్కలు. లిఫ్ట్ చేయిస్తే వెనక ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు కింద ఖాళీ పెరుగుతుందనుకుంటారు చాలామంది. పెరగదు. లిఫ్ట్ లేపేది బాడీనీ చాసిస్‌నీ. వెనక ఇరుసు చక్రాలతో పాటే ఉంటుంది కాబట్టి దాన్ని లేపేది టైరు ఎత్తు ఒక్కటే. 245/70 ఆర్16 తీసి 265/75 ఆర్16 వేశావనుకో, టైరు మొత్తం ఎత్తు 54 మిల్లీమీటర్లు పెరిగితే ఇరుసు కింద కలిసొచ్చేది అందులో సగం, 27 మిల్లీమీటర్లు. చిటికెన వేలంత కూడా కాదు. పైగా స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది. మీటర్‌లో 80 అంటే నిజంగా దాదాపు 86 పోతున్నావు. బ్రేకులు మాత్రం పాతవే.

అందుకే ఎత్తు కన్నా గాలి ముఖ్యం అంటా. తారు రోడ్డు మీద కంపెనీ చెప్పినంత. అడవి బాట ఎక్కాక 25 పీఎస్ఐకి తగ్గించు. వాగు ఇసుకలో 16, 18. గాలి తీస్తే టైరు పొడవునా పరుచుకుంటుంది, అడుగు పెద్దదవుతుంది, అందుకే మునగదు. ఆ గాలితో ముప్పై దాటి పోకు, స్టీరింగ్ గట్టిగా కొయ్యకు, టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ గాలి కొట్టుకో. దిగబడ్డాక గాలి తియ్యడం కన్నా దిగే ముందే తియ్యడం మేలు. అందరికీ తెలిసిన మాటే, ఎవరూ చెయ్యరు, నాతో సహా.

చట్టం సంగతి నువ్వు అడగలేదు కానీ చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మనిష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా రెండూ అని పెట్టారు. ముందు బిగించే ఇనుప గార్డులను తీసేయించమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. చెకింగ్‌లో పట్టుకోకపోవచ్చు. కానీ ప్రమాదం జరిగిననాడు ఇన్సూరెన్స్‌వాళ్లు మొదట చూసేది ఇవే. అలాగే కయాక్ బండి కొలత దాటి ముందుకో వెనక్కో పొడుచుకొస్తే సరుకు బయటికొచ్చిన కేసు అవుతుంది, దానికి జరిమానా 20 వేలు. పన్నెండడుగుల కయాక్ అయినా క్యాబిన్ మీదా క్యానపీ మీదా కలిపి పెడితే నీ బండి పొడవులోనే పడుతుంది. టెంట్ దించమనడానికి ఇది రెండో కారణం.

కయాక్ కట్టేటప్పుడు రాచెట్ పట్టీలు వాడకు. లారీవాళ్ల అలవాటుతో కసిగా బిగిస్తాం, ఎండకు మెత్తబడ్డ ప్లాస్టిక్ సొట్టపోతుంది. చేత్తో లాగి బిగించే బకిల్ పట్టీలు చాలు. పట్టీని ఒక మెలి తిప్పి కట్టు, లేకపోతే గాలికి దారి పొడుగునా బూరలా మోగి తల పోతుంది. ముక్కుకీ తోకకీ వేరే తాళ్లు కట్టాలి, ఇది మర్చిపోకు. ఆత్మకూరు దాటాక చాయ్‌కి ఆగినప్పుడు ఒకసారి పట్టి చూడు, మొదటి ముప్పై నలభై కిలోమీటర్లలోనే కట్లు వదులవుతాయి.

ఇప్పుడు అసలు సంగతి, ఎక్కడ పడుకుంటారు, ఎక్కడ నీళ్లలో దిగుతారు. నీ ప్లాన్‌లో నాకు టెన్షన్ పెట్టింది ఇదే. "తాడ్వాయి అడవిలో వాగు ఒడ్డున ఎక్కడో ఒక చోట" అని రాశావు. ఏటూరునాగారం అభయారణ్యం 1952 నుంచి ఉంది, 806 చదరపు కిలోమీటర్లు. పాకాల కూడా అభయారణ్యమే. వాటిలోకి అనుమతి లేకుండా పోవడం, రాత్రి ఉండటం, మంట పెట్టడం, ఇవన్నీ 1972 వన్యప్రాణి చట్టం కింద కేసులు. అటవీ శాఖవాళ్లు బండిని కూడా సీజ్ చేస్తారు, దాన్ని విడిపించుకోవడం వించ్‌తో అయ్యే పని కాదు. తాడ్వాయిలో గుడిసెలున్నాయి, లక్నవరంలో టూరిజంవాళ్ల వసతి ఉంది. మొదటి రెండు రాత్రులు అక్కడ ఉండండి. మూడో రాత్రికి గోదావరి దిక్కు రైతును అడిగి వరి కోసిన మడిలోనో మామిడి తోటలోనో టెంట్ వేసుకోండి. నేను అట్లనే చేస్తా. "కాకా, ఈ రాత్రి ఇక్కడ పండుకుంటం" అంటే కాదన్నవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. పొద్దున్నే వాళ్లే చాయ్ తెస్తారు. అట్ల ఉంటే ఊరికి నువ్వెవరో తెలుస్తుంది, ఏదైనా జరిగితే వచ్చేదీ వాళ్లే.

ఒక భయం గట్టిగా పెడతా. రాత్రిపూట టార్చ్ పట్టుకుని పొలం గట్ల మీద, అడవి అంచున నడవకండి. అడవి పందుల కోసం కరెంటు తీగలు పరిచేవాళ్లు ఇంకా ఉన్నారు. మా జిల్లాల్లో వాటికి తగిలి మనుషులే పోయారు. పులి గురించి అడిగావు, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ దిక్కు నుంచి వస్తూ పోతూ ఉంటుంది, అది నిన్ను చూసేలోపే తప్పుకుంటుంది. తీగ తప్పుకోదు. ఎలుగు మాత్రం వేరే, ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్‌లో తెల్లారుజామున చెట్ల కింద ఉంటుంది, అదాటున ఎదురైతే మీద పడుతుంది. ఇక పాము. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువ కరుస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. టెంట్ జిప్పు ఎప్పుడూ వేసే ఉంచండి, చెప్పులు లోపల పెట్టుకోండి. తెల్లారి ఎవరికైనా కనురెప్పలు వాలుతున్నాయి, మింగలేకపోతున్నాడు అంటే నాటు మందు జోలికి పోకుండా నేరుగా దగ్గరి ప్రభుత్వాసుపత్రికి, అక్కణ్నుంచి అవసరమైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి. ఏజెన్సీలో మలేరియా కూడా ఉంది, దోమల మందు రాసుకోండి.

గోదావరి దాటి వాజేడు, వెంకటాపురం గుట్టల వైపు పోదామన్న ఆలోచన ఉంటే మానుకో. బొగత జలపాతం దాకా రోడ్డు మీద పోయి రావొచ్చు. గుట్టల్లోకి బాటలు వెతుక్కుంటూ పోవద్దు. 2025 ఏప్రిల్, మే నెలల్లో కర్రెగుట్టల్లో మావోయిస్టుల కోసం బలగాలు ఎన్ని రోజులు తిరిగాయో చూశావుగా. మందుపాతర్లు బండి లిఫ్టెడా మామూలుదా అని అడగవు.

వాగుల దగ్గరికి వద్దాం. 2023 జులై 27న వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. మన దగ్గర వానాకాలమంతా కురిసే దాంట్లో అది ఎంత పెద్ద వాటానో లెక్కేసుకో. అదే రోజు మోరంచపల్లి మునిగింది, కొండాయిలో జంపన్న వాగు మనుషుల్నే ఎత్తుకుపోయింది. అది పెద్ద వరద, ప్రతి ఏడాదీ రాదు. కానీ చిన్నవి చెప్పకుండా వస్తాయి. చాలా ఏళ్ల కింద సెప్టెంబర్ చివర్లో మేం నలుగురం తాడ్వాయి అవతల ఒక వాగు ఇసుకలో టెంట్లు వేశాం. అప్పట్లో ఇప్పుడున్నంత బుద్ధి లేదు. ఆకాశం నిండా చుక్కలు, గాలి కూడా లేదు. రెండింటికి మెలకువ వచ్చింది, ఎక్కడో దూరంగా లారీ వస్తున్నట్టు మోత. ఆ దిక్కు రోడ్డే లేదు. లేచి గట్టు ఎక్కేసరికి టెంట్ ఉన్నచోట మోకాలెత్తు ఎర్ర నీళ్లు. పైన ఎక్కడో పడిన వానకు వచ్చిన నీళ్లవి. ఒక టెంట్, స్టవ్, నా బూట్లు పోయాయి. జిప్సీని గట్టు మీద ఆపడం ఒక్కటే ఆ రోజు మేం చేసిన తెలివైన పని, అదీ బద్ధకంతో, కిందికి దింపడం ఎందుకులే అని.

అప్పటి నుంచి వాగు దగ్గరికి పోగానే మొదట చెట్లు చూస్తా. కొమ్మలకు చిక్కుకున్న గడ్డి, గుడ్డపీలికలు, ప్లాస్టిక్ కవర్లు ఏ ఎత్తులో ఉన్నాయో అదే మొన్నటి వరద గీత. దానికి పైన తప్ప టెంటూ వెయ్యను, బండీ ఆపను.

బండితో వాగు దాటాల్సి వస్తే ముందు మనిషి దాటాలి, కర్రతో, నడిచి. మోకాలి పైకి వస్తే, లేదా నీళ్లు కాళ్లను నెడుతున్నట్టు అనిపిస్తే బండి దిగొద్దు. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును తేల్చేస్తాయి, రెండడుగులైతే నీ బండి లాంటివి కూడా కదిలిపోతాయి. కంపెనీలు చెప్పే నీటి లోతు లెక్క నిలిచిన నీళ్లకు. స్నార్కెల్ (ఇంజన్‌కి పైనుంచి గాలి పీల్చే గొట్టం) ఇంజన్ గాలిని కాపాడుతుంది, బండి తేలడాన్ని ఆపదు. దిగే ముందు పది నిమిషాలు ఆగు, వేడిగా ఉన్న ఇరుసు చల్లటి నీళ్లలో పడితే లోపలి గాలి ముడుచుకుని సీళ్ల సందుల్లోంచి నీళ్లను లోపలికి పీలుస్తుంది. లిఫ్ట్ చేసినప్పుడు బ్రీతర్ పైపులు, అంటే ఇరుసులోకి గాలి ఆడే గొట్టాలు, పొడిగించారో లేదో మెకానిక్‌ని అడుగు, నూటికి ఎనభై మంది వదిలేస్తారు. ఇంటికొచ్చాక డిఫరెన్షియల్ ఆయిల్ కొంచెం తీసి చూడు. పాలు పోసిన చాయ్ రంగులో ఉంటే నీళ్లు పోయినట్టే, వెంటనే మార్పించు. నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్లో నీళ్లుంటే అవి నలగవు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. తాడు కట్టి లాగించుకో. బయటికొచ్చాక వాగులో బండి కడిగే పని కూడా పెట్టుకోకు, కింద గూడెంవాళ్లు అవే నీళ్లు తాగుతారు.

2024 ఆగస్టు 31 గాలివానకు తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలాయి కదా, ఆ దిక్కు లోపలి బాటల్లో దుంగలు అడ్డం ఉండొచ్చు. అభయారణ్యంలో చెట్టు కొయ్యడానికి లేదు, పక్కనుంచి కొత్త దారి చెయ్యడానికీ లేదు. వెనక్కి తిప్పుకుని రావడమే. రివర్స్‌లో కిలోమీటర్ పోవడం ముందే ఒకసారి ప్రాక్టీస్ చెయ్యి.

చివరగా నీళ్ల మీది సంగతి. నువ్వు బండి గురించి రెండు పేజీలు రాశావు, కయాక్ గురించి రెండు లైన్లే. ప్రాణం పోయేది మాత్రం అక్కడే. లైఫ్ జాకెట్ కయాక్ మీద పెట్టుకోవడానికి కాదు, ఒంటికి వేసుకోవడానికి, మూడింటినీ సరైన సైజులో కొను. ముగ్గురూ బోల్తా కొట్టి మళ్లీ ఎక్కడం ఇంటి దగ్గర ఏదైనా చెరువులో నడుము లోతులో పదిసార్లు చెయ్యండి. లక్నవరంలో సొంత కయాక్ దింపనిస్తారో లేదో టూరిజంవాళ్లను ముందే ఫోన్ చేసి అడుగు, వద్దంటే వాళ్ల బోటే ఎక్కండి. పాకాలలో సొంతంగా దిగొద్దు, అభయారణ్యం అన్నది ఒకటి, మొసళ్లున్నాయన్నది రెండోది. కిన్నెరసాని కూడా అంతే. మామూలు ఊరి చెరువైతే సర్పంచ్‌ని, మత్స్య సంఘంవాళ్లను అడిగి దిగొచ్చు. వలలు ఎక్కడెక్కడ వేశారో వాళ్లే చెప్తారు. తెడ్డుకు వల చిక్కితే కంగారులో బోల్తా పడతారు. జాకెట్‌కి చిన్న చాకు, విజిల్ కట్టుకో. కానీ తప్పదనుకుంటే తప్ప వల కొయ్యకు, కోస్తే దాని డబ్బులిచ్చి రా. ఒక్కో వల వాళ్లకు ఎన్ని రోజుల కూలో తెలుసుకో.

చెరువులో రెండు చోట్లకు దూరంగా ఉండాలి, తూము, మత్తడి (నిండిన చెరువు నీళ్లు పొర్లే అలుగు). తూము తెరిచి ఉంటే పైన నీళ్లు అద్దంలా కనపడతాయి, కింద గుంజుతుంటాయి. కట్ట మీద ఎవరినైనా అడిగితే తూము వదిలారో లేదో చెప్తారు. మత్తడి దుంకేటప్పుడు జనం సెల్ఫీలు దిగుతారు, కింద నురగలో నీళ్లు వెనక్కే తిరుగుతుంటాయి, పడ్డవాణ్ని అక్కడే తిప్పుతాయి, లైఫ్ జాకెట్ ఉన్నా సరే. వాగుల మీది చెక్‌డ్యాములూ అంతే. చూడ్డానికి నడుమెత్తు గోడ, మీదనుంచి దూకిద్దామనిపిస్తుంది. ఒడ్డుకు వచ్చి కయాక్ మోసుకుని అవతల దిగండి.

గోదావరి మీద నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. పొద్దున మంచు, పది తర్వాత గాలి లేస్తుంది కాబట్టి ఆరింటికి దిగి పదికల్లా ఒడ్డుకు రండి. నడి నదిలోకి పోకుండా ఒడ్డు వెంబడి తెడ్డెయ్యండి. పైన మేడిగడ్డ, తుపాకులగూడెం సమ్మక్క బ్యారేజీ ఉన్నాయి. గేట్లు కదిపితే కింద నీటిమట్టం మారుతుంది, ఇసుక తిన్నె మీద వదిలిన బండి చుట్టూ నీళ్లు రావొచ్చు. బ్యారేజీ గేట్ల దరిదాపుల్లోకి ఎటు నుంచీ పోవద్దు. వానాకాలంలో అయితే మాటే లేదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 53కి మూడోది, 2022 జులైలో 71 దాటింది. ఆ నీళ్లలో చాలావరకు ఏటూరునాగారం మీదుగానే పోతాయి. దిగే ముందు రామన్నగూడెం రేవు దగ్గర పడవవాళ్లతో పావుగంట మాట్లాడు. ఏ ఒడ్డున సుడులున్నాయో, ఇసుక ఎక్కడ తోడారో వాళ్లకు తెలుసు. ఇసుక తోడిన గుంతల్లోనే చాలామంది పోయారు, మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ.

తిండి గురించి పెద్దగా చెప్పను. గ్యాస్ స్టవ్ పట్టుకుపో, ఎండు టేకాకుల మధ్య కట్టెల పొయ్యి వద్దు. మొదటి రోజుకు ఇంట్లో సర్వపిండి చేయించుకో, సంక్రాంతి తర్వాత పోతే సకినాలు ఉండనే ఉంటాయి.

కాంటా చీటీ వచ్చాక రెండు ఇరుసుల బరువులూ ఇక్కడ పెట్టు. వెనక స్ప్రింగులు మార్చాలా, సామాను ముందుకు జరిపితే సరిపోతుందా అన్నది అప్పుడు చెప్తా. గేజ్ కొనకపోతే నాది తీసుకుపో, తిరిగి తెచ్చివ్వు.